కొండ మీది ఇల్లు, గోడ మీది పిల్లి

చెజారె పవేసె నవల ‘కొండ మీది ఇల్లు’ గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నేను కథ చెప్పను. అందులో హీరో ఏమేం చెయ్యలేదో చెప్తాను. తుపాకీ పట్టలేదు. పార్టీలో చేరలేదు. కరపత్రం పంచలేదు. ఒకప్పుడు తనని ప్రేమించిన మనిషిని పెళ్ళి చేసుకోలేదు. తన కొడుకేమో అని అనుమానం వచ్చిన పిల్లాణ్ణి కొడుకా అని పిలవలేదు. ఆమెనీ ఆమె స్నేహితులనీ జర్మన్లు పట్టుకుపోతుంటే దూరం నుంచి చూశాడు, దగ్గరికి వెళ్ళలేదు. ఇన్ని ‘లేదు’లతో నవల ఎలా నడుస్తుందని అడగొచ్చు. నడుస్తుంది. నేను రెండుసార్లు చదివాను, రెండుసార్లూ నిద్ర చెడింది.

ఇది 1948లో వచ్చింది. అప్పటికి ఇటలీలో ఫాసిజం పోయి మూడేళ్ళు. ప్రతిఘటన వీరుల కథలు వస్తున్న కాలం, రొసెల్లినీ తీసిన ‘రోమ్, ఓపెన్ సిటీ’ని లోకమంతా చూసేసిన కాలం. పవేసె అప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు, ఇటలీలో అందరూ గౌరవించే ఐనౌది ప్రచురణ సంస్థకి పెద్ద దిక్కు. అలాంటి మనిషి అలాంటి సమయంలో, యుద్ధమంతా దాక్కుని గడిపిన ఒక స్కూలు మాస్టారి కథ రాశాడు. అదీ ‘నేను’ అంటూ రాశాడు.

నవల్లోకి వెళ్ళే ముందు కొంచెం చరిత్ర తప్పదు. ఇటలీలో ఫాసిజం ఒకసారి కాదు, రెండుసార్లు కూలింది. ఆ రెండు కూలడాల మధ్య ఉన్న ఇరవై ఒక్క నెలలే ఈ నవలకి ప్రాణం.

మొదటిసారి 1943 జూలైలో. మిత్రరాజ్యాల సైన్యం సిసిలీలో దిగి రెండు వారాలైంది. రోములో ఫాసిస్టు గ్రాండ్ కౌన్సిల్ 24 సాయంత్రం మొదలై తెల్లవారుజాము దాకా సాగింది. ముస్సోలినీ చేతిలోంచి సైన్యం పగ్గాలు రాజుకి ఇచ్చెయ్యాలన్న తీర్మానానికి ఆయన సొంత మనుషులే 19 మంది ఓటేశారు. అదే రోజు రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఆయన్ని పిలిపించి, పదవి తీసేశానని చెప్పి, బయటికి రాగానే అంబులెన్సు ఎక్కించి అరెస్టు చేయించాడు. ఇరవై ఏళ్ళ నియంతృత్వం అలా ఒక మీటింగుతో, ఒక అంబులెన్సుతో పోయింది. జనం వీధుల్లోకొచ్చి గోడల మీది ఫాసిస్టు చిహ్నాలు పగలగొట్టారు. కానీ కొత్త ప్రధాని మార్షల్ బదోల్యో రేడియోలో చెప్పింది మాత్రం యుద్ధం కొనసాగుతుందనే.

అలా 45 రోజులు. సెప్టెంబరు 8 సాయంత్రం అదే బదోల్యో అదే రేడియోలో మిత్రరాజ్యాలతో సంధి అయిందన్నాడు. మర్నాడే రాజూ ఆయనా రోమ్ వదిలి దక్షిణానికి పారిపోయారు. సైన్యానికి ఏం చెయ్యాలో చెప్పినవాడు లేడు. అప్పటిదాకా మిత్రులైన జర్మన్లు ఆరు లక్షలకు పైగా ఇటాలియన్ సైనికులను పట్టుకుని రైళ్ళలో జర్మనీకి తోలారు. మిగిలినవాళ్ళు యూనిఫాం విప్పేసి, దొరికిన బట్టలు కట్టుకుని కాలినడకన ఇళ్ళకి బయల్దేరారు. కొందరు కొండలెక్కారు. నాలుగు రోజుల్లో జర్మన్లు ముస్సోలినీని గ్రాన్ సాస్సో పర్వతం మీంచి ఎత్తుకొచ్చి, ఉత్తరాన గార్దా సరస్సు పక్కన ఉన్న సలోలో కొత్త ఫాసిస్టు రిపబ్లిక్ పెట్టించారు. అక్కడి నుంచి 1945 ఏప్రిల్ దాకా ఉత్తర ఇటలీలో జర్మన్ల మీద పోరాటంతో పాటు ఇటాలియన్లు ఇటాలియన్లను చంపుకోవడం కూడా జరిగింది. ప్రొడక్షన్ కూలిపోయి, మేనేజర్లందరూ కాల్ కట్ చేసి వెళ్ళిపోతే, ఎవరికి వాళ్ళు నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిన రాత్రి లాంటిది ఆ సెప్టెంబరు 8. పోలిక చిన్నదే, నాకు తెలిసిన లోకంలో దొరికింది అదే. అలాంటి కాల్‌లో మ్యూట్‌లో కూర్చునేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. పవేసె నవల వాడి గురించి.

వాడి పేరు కొర్రాదో. టూరిన్‌లో టీచరు, వయసు నలభై దగ్గర. నగరం మీద బాంబులు పడుతున్నాయి గనక రాత్రిళ్ళు కొండ మీద ఒక ఇంట్లో అద్దెకుంటాడు. ఇల్లుగల ఆవిడ కూతురు ఎల్వీరా ఇతణ్ణి మూగగా ప్రేమిస్తుంది, భోజనం వేడిగా ఉంచుతుంది, అతను దాన్ని చూసీ చూడనట్టుంటాడు. బెల్బో అనే కుక్కతో అడవిలో తిరుగుతుంటాడు. ఒక రాత్రి పాటలు వినిపిస్తే ‘లె ఫొంతానె’ అనే సత్రానికి వెళ్తాడు. అక్కడ కార్మికులు, కుర్రాళ్ళు, వాళ్ళ మధ్య కాతె. ఎన్నో ఏళ్ళ కిందట అతను వదిలేసిన అమ్మాయి, ఇప్పుడు ఆస్పత్రిలో పని చేస్తోంది. ఆమెకొక కొడుకు, దీనో. అసలు పేరు కొర్రాదో. లెక్కలు వేసుకోవడం అప్పుడు మొదలవుతుంది. ‘వీడు నా కొడుకా’ అని కాతెని తిప్పి తిప్పి అడుగుతాడు. ఆమె తేల్చదు. నవల కూడా తేల్చదు.

ఈ ప్రశ్న దగ్గర చాలామంది పాఠకులు కాతె మొండిగా ఉందనుకుంటారేమో. నాకలా అనిపించలేదు. పదేళ్ళు ఏ బాధ్యతా తీసుకోని మనిషికి ఇప్పుడొక కొడుకు కావాలి. పైసా ఖర్చు లేకుండా, ఒక రాత్రి జ్వరం కూడా చూడకుండా, రెడీమేడ్‌గా. కాతె ఆ సౌకర్యం అతనికి ఇవ్వదు. రాజకీయాల్లోనూ అతను సరిగ్గా ఇలాగే ఉంటాడు. ఫాసిజం పోవాలి, నిజమే. జర్మన్లు పోవాలి, అదీ నిజమే. ఎవరో ఆ పని చేసిపెడితే సాయంత్రం వెళ్ళి వాళ్ళ పక్కన కూచుని వైన్ తాగుతాడు. పవేసె ఈ రెంటినీ పక్కపక్కన పెడతాడు తప్ప పోలిక ఎత్తి చూపించడు. దాంపత్యానికీ చరిత్రకీ ఒకే మనిషి ఒకే రకంగా మొహం చాటేస్తాడని నేను ఇంకే నవల్లోనూ ఇంత నిశ్శబ్దంగా చదవలేదు. ‘చివరకు మిగిలేది’లో దయానిధితో వేగినవాళ్ళకి కొర్రాదో మరీ కొత్తగా ఉండడు. తేడా ఏమిటంటే దయానిధి చుట్టూ ఊరు గుసగుసలాడుతుంది, కొర్రాదో చుట్టూ మనుషులు చచ్చిపోతుంటారు.

మాటల సంగతి ఒకటి చెప్పాలి. నేను చదివింది టిమ్ పార్క్స్ ఇంగ్లీష్ అనువాదం. ఇటాలియన్ నాకు ఫోన్‌లో యాప్ నేర్పినంతే వచ్చు, కానీ పక్కన మూలం పెట్టుకుని క్రియాపదాలు మాత్రం వెతుక్కున్నాను. పుస్తకం పొడుగునా అసంపూర్ణ భూతకాలం. వెళ్ళేవాణ్ణి, వినేవాణ్ణి, తిరిగొచ్చేవాణ్ణి. ఇంగ్లీషులో దీనికి సరైన రూపం లేదు. అనువాదకుడు ఒకచోట సాదా భూతకాలం, ఇంకోచోట ‘వుడ్’, మరోచోట ‘యూస్డ్ టు’ పెట్టుకుంటూ నెట్టుకురావాలి. తెలుగులో ఈ రూపం కాచుకుని కూర్చుంది. ‘సాయంత్రాలు కొండకి తిరిగొచ్చేవాణ్ణి’ అనగానే ఆ మనిషి బతుకు మనకి పట్టుబడుతుంది. ఎప్పుడూ ఒక అలవాటు, ఎప్పుడూ ఒక సంఘటన కాదు. పని చేసినవాడు ‘చేశాను’ అంటాడు. కొర్రాదో ‘చేస్తూ ఉండేవాణ్ణి’ అంటాడు. అతని తప్పించుకోవడం వ్యాకరణంలోనే ఉంది. ఎవరైనా దీన్ని తెలుగులోకి తెస్తే, ఇంగ్లీష్ మీదుగా వచ్చినా సరే, ఈ ఒక్క విషయంలో ఇంగ్లీష్ కంటే మూలానికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

అయితే ఆ అలవాటు కాలాన్ని కోసుకుంటూ ఒక రోజు వస్తుంది. లె ఫొంతానె మీద జర్మన్ల దాడి. కాతె, ఆమెతో ఉన్నవాళ్ళు దొరికిపోతారు. కొర్రాదో దూరంగా ఉన్నాడు, చూస్తాడు, బతికిపోతాడు. ఆ తర్వాత కియెరి ఊళ్ళో మతగురువులు నడిపే ఒక హాస్టల్లో తలదాచుకుంటాడు. దీనో కూడా అక్కడికి చేరతాడు. చేరి, ఒక రోజు చెప్పకుండా వెళ్ళిపోతాడు, గెరిల్లాలను వెతుక్కుంటూ. పన్నెండేళ్ళు కూడా ఉన్నాయో లేదో. ‘తండ్రి’ దాక్కుంటే కొడుకు బయల్దేరాడు. పవేసె దీని మీద వ్యాఖ్యానం చెయ్యడు, ఒక పేజీలో తేల్చేస్తాడు. నాకైతే నవల్లో గుండె ఆగే చోటు అదే.

చివరికి కొర్రాదో పుట్టిన ఊరికి, లాంగె కొండలకి, నడిచిపోతాడు. దారిలో గెరిల్లాలు మాటువేసి చంపిన ఫాసిస్టు సైనికుల శవాలు రోడ్డు మీద కనిపిస్తాయి. వాటిని దాటి పోవడం అతనికి కష్టమవుతుంది. శత్రువైనా సరే, చచ్చి పడున్నవాడు ఒక మనిషే, బతికున్నవాడిని ఏదో అడుగుతున్నట్టే ఉంటాడు, ఈ రక్తానికి సమాధానం చెప్పాలి అన్న ఆలోచనతో చివరి అధ్యాయం నిండిపోతుంది. యుద్ధం ఇంకా అయిపోకుండానే నవల అయిపోతుంది. ఇటలీలో ఈ అధ్యాయం మీద జరిగినంత గొడవ పుస్తకంలో మిగతా దేని మీదా జరగలేదు. ఎందుకంటే ఇందులో పవేసె ‘అంతర్యుద్ధం’ అనే మాట వాడాడు.

మనకి ఆ మాటలో తప్పేమీ కనిపించదు. ఇటాలియన్లు ఇటాలియన్లను చంపుకుంటే అంతర్యుద్ధం కాక ఏమిటి? కానీ యుద్ధం తర్వాతి ఇటలీలో ఆ మాట ఓడిపోయినవాళ్ళ సొత్తయింది. సలో పక్షాన నిలబడ్డవాళ్ళు ‘మేమూ ఒక పక్షం, మీరూ ఒక పక్షం, ఇద్దరూ దేశం కోసమే’ అని చెప్పుకోడానికి పనికొచ్చే మాట. గెలిచినవాళ్ళకేమో అది విమోచన యుద్ధం, పరాయి ఆక్రమణ మీద జాతి మొత్తం చేసిన తిరుగుబాటు. 1991లో క్లాఉదియో పవోనె అనే చరిత్రకారుడు, తనూ ప్రతిఘటనలో పాల్గొని జైలుకెళ్ళినవాడు, ‘ఒక అంతర్యుద్ధం’ అనే పేరుతోనే పెద్ద పుస్తకం రాశాకే వామపక్షం వైపు ఆ మాట కాస్త మర్యాదస్తుల ఇళ్ళకి రాగలిగింది. జరిగింది ఒకే యుద్ధం కాదు, దేశం కోసం, తోటి ఇటాలియన్ల మీద, వర్గం కోసం అని మూడు యుద్ధాలు ఒకేసారి, ఒక్కోసారి ఒకే మనిషి లోపల జరిగాయన్నాడు పవోనె. పవేసె నలభై ఏళ్ళ ముందే ఆ మాట అనేశాడు. అందుకే అతన్ని ముందుచూపున్నవాడు అని ఒక వర్గం, పిరికితనానికి తత్వం తొడిగినవాడు అని ఇంకో వర్గం.

నాకు ఈ చివరి అధ్యాయంతో పేచీ ఉంది. పేచీ శవాల మీద జాలి పడ్డందుకు కాదు. జాలిపడాలి. 1945 ఏప్రిల్ 29న మిలన్‌లో, పియాత్సాలె లొరేతో కూడలిలో, పెట్రోలు బంకు పైకప్పుకి తలకిందులుగా వేలాడదీసిన ముస్సోలినీ, క్లారా పెతాచ్చిల శవాల ఫొటోలు అందరూ చూసే ఉంటారు. దాని వెనక కారణం ఉంది. అంతకు ముందు ఆగస్టులో అదే కూడలిలో ఫాసిస్టులు 15 మంది ఖైదీలను కాల్చి, శవాలను ఎండలో పడేశారు. కారణం తెలిసినా ఆ ఫొటో చూసి కళ్ళు తిప్పుకోని మనిషితో స్నేహం చెయ్యడం కష్టం. కాబట్టి జాలి గురించి కాదు నా గొడవ. ఎవరి మీద జాలి అన్నదే.

కొర్రాదో తన అత్యంత అందమైన వాక్యాలను ఖర్చుపెట్టింది ముక్కూ మొహం తెలియని శవాల మీద. కాతె ఏమైందో అతనికి తెలియదు, తెలుసుకోడానికి ఊరు దాటి ఒక్క అడుగు వెయ్యడు. ఆమె కోసం రాసిన మాటలు పొడిపొడిగా, చిన్నవిగా ఉంటాయి. తెలియని శవం మనల్ని ఏమీ అడగదు. అది అడుగుతోందని అతనంటాడు గానీ, ఏమడిగినా జవాబు మనమే రాసుకోవచ్చు. కాతె అడిగితే జవాబు చెప్పాలి. సత్రంలో పట్టుబడ్డ కార్మికుడి తరఫువాళ్ళు అడిగితే చెప్పాలి. మానవాళి మొత్తం మీద ప్రేమ పొంగిపోయే మనిషి పక్కింటివాడి తలుపు తట్టడు చూడండి, ఆ జబ్బు ఇది. పవేసెకి ఇది తెలిసే రాశాడా, తెలియక కొర్రాదోతో పాటు తనూ కొట్టుకుపోయాడా?

తెలిసే రాశాడనడానికి ఒక గట్టి ఆధారం పుస్తకం అట్ట మీదే ఉంది. ఈ నవల విడిగా రాలేదు. ‘జైలు’ అనే ఇంకో చిన్న నవలతో కలిపి వచ్చింది. 1935లో ఫాసిస్టు ప్రభుత్వం పవేసెని అరెస్టు చేసి దక్షిణాన బ్రంకాలియోనె అనే సముద్రతీర గ్రామానికి ప్రవాసం పంపింది, దాన్ని ఆధారం చేసుకున్న కథ అది. రెంటికీ కలిపి పెట్టిన పేరు ‘కోడి కూయకముందే’. బైబిల్ కాస్త తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. కోడి కూసేలోగా ముమ్మారు నన్నెరగనంటావని యేసు పేతురుతో చెప్పిన సందర్భం. పేతురు అన్నాడు కూడా. అంటే రచయిత తన కథకుడికి శిక్ష అట్ట మీదే రాసేశాడు. దాక్కోవడాన్ని సమర్థించే పుస్తకానికి ఎవరూ ఆ పేరు పెట్టుకోరు.

పవేసె ఎవరిని ఎరగనన్నాడు? జీవితం తెలిసినవాళ్ళకి ఒక పేరు తడుతుంది. లియోనె గిన్స్‌బుర్గ్. చిన్నప్పటి నుంచి స్నేహితుడు, ఐనౌది సంస్థ మొదలైనప్పుడు పక్కనున్నవాడు. ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యనని విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదులుకున్నాడు. రోములో రహస్య పత్రిక పని చేస్తూ పట్టుబడి, జర్మన్ల చిత్రహింసల తర్వాత 1944 ఫిబ్రవరి 5న రెజీనా చెలి జైల్లో చనిపోయాడు. భార్య నతాలియా గిన్స్‌బుర్గ్ రాసిన ‘కుటుంబ నిఘంటువు’లో ఆ చావు ఎంత తక్కువ మాటల్లో వస్తుందో చదివి చూడాలి. ఆ చలికాలంలో పవేసె కసాలె మొన్‌ఫెర్రాతో ఊళ్ళో మతగురువుల విద్యాలయంలో మారుపేరుతో పాఠాలు చెప్పుకుంటున్నాడు. నవల్లో హాస్టలు కల్పన కాదు.

ఇక్కడిదాకా ఉంటే కథ సుఖాంతమే. పిరికిగా ఉన్న మనిషి నిజాయితీగా ఒప్పుకున్నాడు, మనం క్షమించాం, నవల గొప్పది. కానీ 1990లో ‘లా స్తంపా’ పత్రిక పవేసె రహస్య నోటుబుక్కు బయటపెట్టింది. 1942, 43లలో రాసుకున్న కొన్ని పేజీలు. అందులో ఫాసిస్టు వ్యతిరేకుల మీద విసుగు ఉంది, జర్మన్ల క్రమశిక్షణ మీద మెప్పు ఉంది. అప్పటికి అతను ఆత్మహత్య చేసుకుని నలభై ఏళ్ళయింది. 1950 ఆగస్టులో, స్త్రేగా బహుమతి వచ్చిన కొద్ది వారాలకి, టూరిన్‌లో ఒక హోటల్ గదిలో. పేపర్లు గోల పెట్టాయి, పాత స్నేహితులు నొచ్చుకున్నారు, కొందరు ఆ పేజీలను వయసుకి, భయానికి, నిస్పృహకి జమకట్టారు.

రచయిత డైరీని నవలకి తాళం చెవిలా వాడటం నాకిష్టం లేదు. లాగ్ ఫైల్ దొరికింది గనక సిస్టమ్ మొత్తం అర్థమైపోయింది అనుకునే జూనియర్లను రోజూ చూస్తుంటాను. అయినా ఆ నోటుబుక్కు సంగతి తెలిశాక కొర్రాదోని పాత కళ్ళతో చదవలేం. ఎందుకంటే కొర్రాదో ఎన్నడూ ఆ వైపు మొగ్గడు. అతనికి ఫాసిజం అంటే అసహ్యమే, కదలడు అంతే. రచయిత తనకంటే కథకుణ్ణి ఒక మెట్టు పైన నిలబెట్టాడు. పెద్ద కేసు తప్పించుకోడానికి చిన్న కేసు ఒప్పుకున్నట్టుంది. ‘నేను ఏమీ చెయ్యలేదు’ అని బహిరంగంగా ఏడవడం, ‘కొన్ని నెలలు నాకు వాళ్ళు నచ్చారు’ అని చెప్పడం కంటే తేలిక. ఆ రెండో నవల పవేసె రాయలేదు. రాసుంటే ఇటలీకే కాదు, ఇవాళ ఏ దేశంలో చదివేవాళ్ళకైనా అది ఇంకా అవసరమైన పుస్తకం అయ్యేది. చదువుకున్నవాళ్ళు, పుస్తకాలు ప్రేమించేవాళ్ళు, క్రమశిక్షణ చూసి ఎలా మెత్తబడతారో చెప్పే పుస్తకం.

ఆ రోజుల్లో అలాంటి ఒప్పుకోళ్ళకి గిరాకీ కూడా లేదనుకోండి. 1946 జూన్ 2న ఓటేసి రాజరికాన్ని పంపించేశారు. అదే నెలలో, న్యాయశాఖ మంత్రిగా ఉన్న కమ్యూనిస్టు నాయకుడు తోల్యాత్తి పేరు మీదే సార్వత్రిక క్షమాభిక్ష వచ్చింది. వేలమంది ఫాసిస్టులు ఇళ్ళకి చేరారు. డిసెంబరు వచ్చేసరికి సలో వాళ్ళు కొత్త పేరుతో పార్టీ పెట్టుకున్నారు. పై అధికారులు చాలామంది అవే కుర్చీల్లో ఉన్నారు. చట్టం అందరినీ ఇంత తొందరగా వదిలేస్తే, ఒప్పుకోవాల్సిన పని సాహిత్యం మీద పడింది. పవేసె తన వంతు సగం చేశాడు.

అదే లాంగె కొండల్లో ఇంకొకడున్నాడు, దాక్కోనివాడు. బెప్పె ఫెనోల్యో. ఆల్బా ఊరివాడు, ఇరవై రెండేళ్ళకి తుపాకీ పట్టుకుని నిజంగా పోరాడినవాడు. 1944 శరదృతువులో గెరిల్లాలు ఆల్బాని 23 రోజులు పట్టుకుని తర్వాత పోగొట్టుకున్న సంగతిని కథగా రాస్తే, అందులో వీరత్వం తక్కువైందని వామపక్ష విమర్శకులు మండిపడ్డారు. నిబద్ధత కొలతబద్ద అక్కడా ఉంది, మన దగ్గర మాత్రమే కాదు. అతను చనిపోయిన ఏడాది, 1963లో, ‘ఒక సొంత వ్యవహారం’ అచ్చయింది. మిల్టన్ అనే గెరిల్లా కుర్రాడు, తను ప్రేమించిన ఫుల్వియాకి స్నేహితుడు జోర్జోతో సంబంధం ఉందేమో తెలుసుకోవాలని పొగమంచులో, బురదలో పరుగెడతాడు. ఈలోగా జోర్జో ఫాసిస్టులకి దొరికిపోతాడు. అతన్ని విడిపించాలంటే మారకానికి ఒక ఫాసిస్టు ఖైదీ కావాలి. మిల్టన్ ఒక సార్జెంటుని పట్టుకుంటాడు. వాడు పారిపోబోతే కాల్చేస్తాడు. దానికి బదులుగా ఫాసిస్టులు తమ దగ్గరున్న ఇద్దరు పిల్లల్ని, గెరిల్లాలకి వార్తలు మోసినవాళ్ళని, చంపేస్తారు. ఆ పిల్లల గురించి మిల్టన్‌కి ఎప్పటికీ తెలియదు.

పవేసె చివరి అధ్యాయానికి ఇది నాకు కనిపించే జవాబు. ఫెనోల్యో శవం ముందు నిలబడి ఆలోచించడు. ఒక శవం నుంచి ఇంకో రెండు శవాలకి దారి ఎలా పడుతుందో చూపిస్తాడు. పక్షం ఎంచుకున్నవాడి చేతులకి కూడా రక్తం ఉంటుందనీ, అది ఒక్కోసారి తప్పు మనిషి రక్తమనీ, అంతమాత్రాన రెండు పక్షాలూ ఒకటైపోవనీ పోరాడినవాడు గనక అతనికి తెలుసు. చూస్తూ కూచున్నవాడికి శవాలన్నీ ఒకేలా కనిపించాయి.

అయినా రెండిట్లో ఏది మళ్ళీ తీస్తానంటే పవేసెనే తీస్తాను. మిల్టన్‌లా ఉండగలనని నేను అనుకోగలను, అనుకోడానికి డబ్బులు పడవు. కొర్రాదో గది, కొర్రాదో కుక్క, వేడిగా ఉంచిన భోజనం, బయట ఏం జరుగుతోందో రేడియోలో వినడం, ఇవన్నీ నాకు తెలిసినవి. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో వారానికోసారి ‘ఇక్కడ పాలిటిక్స్ వద్దు ప్లీజ్’ అని ఎవరో ఒకరు పెడతారు, పది బొటనవేళ్ళు పడతాయి. అలాంటివాళ్ళని గోడ మీద పిల్లులని తిట్టిపోయడం సుళువు. ఆ పిల్లి గోడ మీంచి ఏం చూసిందో, ఎవరిని పట్టుకుపోతుంటే చూసిందో, అదే నోటితో చెప్పించిన నవల మాత్రం నాకు ఇదొక్కటే కనిపించింది.

దీనో బతికాడా చచ్చాడా అన్నది పుస్తకంలో లేదు. రెండోసారి చదివినప్పుడు ఆఖరి పేజీల్లో ఆ పేరు కోసం వేలు పెట్టి వెతికాను. కొర్రాదో తల్లిదండ్రుల ఇంట్లో కూచుని అడవి వైపు చూస్తుంటాడు. పిల్లాడు ఎటు వెళ్ళాడో అడగడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు.